తొమ్మిదో సంతకం

పియాచెంజా. నవంబరు. పొగమంచు.
గుండీల కార్ఖానా మూతపడి ఏడు నెలలు.
నోటరీ గదిలో కుర్చీలు పది,
మేం ఎనిమిదిమందిమి.

"తొమ్మిదిమంది లేనిదే సహకార సంఘం లేదు,"
అన్నాడాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.
ఎనిమిదిమంది ఆకలి చాలదట చట్టానికి.

తొమ్మిదోవాడు ఎజీదియో, బాయిలర్ మనిషి,
పింఛనుకి ఇంకా మూడేళ్ళు.
రాత్రి నేనే వెళ్ళి అడిగాను.
ఉల్లిపాయలు తరుగుతూ
ఔననలేదు, కాదనలేదు.

నోటరీ చదవడం మొదలెట్టాడు
చిన్నప్పటి చర్చి లాటిన్‌లా,
సగం అర్థమై, సగం చలిలో కరిగి.
వాటా ఎంతైనా ఓటు ఒక్కటే.
లొరెడానా ఇల్లు తాకట్టు పెట్టింది,
ఓరియెట్టా చెవిపోగులమ్మింది.
చేతులెత్తితే రెండూ ఒకే ఎత్తు.

లాభంలో కొంత పంచుకోరాని నిధికి.
"పంచుకోరానిదంటే?"
"వెళ్ళేటప్పుడు మీ వాటా మీరు పట్టుకెళ్తారు.
ఇది మాత్రం ఇక్కడే ఉంటుంది.
సంఘమే పోతే, మరో సంఘానికి పోతుంది."
"మరి ఎవరిదది?"
ఆయన కాగితంలోంచి తలెత్తాడు.
మొదటిసారి మాట వెతుక్కున్నాడు.
"ఇంకా పుట్టనివాళ్ళదనుకోండి."

అప్పుడు తలుపు.
తడిసిన బూట్లు, ఉల్లి వాసన.
ఎజీదియో కూర్చోకుండానే అడిగాడు:
"నన్ను నేనే పనిలోంచి తీసెయ్యొచ్చా?"
మేం నవ్వాం. నోటరీ నవ్వలేదు.
"సభ తీర్మానిస్తే తీసెయ్యొచ్చు.
ఆ సభలో మీరూ ఉంటారు."
కాసేపు ఆలోచించి, కలం అడిగాడు.

జనవరిలో తొలి సభ,
తొలి తీర్మానం: జీతాల్లో అయిదో వంతు కోత.
యజమాని ఉన్నప్పుడు
తిట్టుకోడానికి ఒక మొహం ఉండేది.
ఇప్పుడు నా జీతం కొయ్యడానికి
నా చెయ్యే పైకి లేచింది,
ఎవరిదో అరువు తెచ్చుకున్నంత బరువుగా.

మార్చిలో బాయిలర్ దగ్గింది, వెలిగింది.
ఈక్వెడార్ కాయల్ని మళ్ళీ బిళ్ళలుగా కోశాం.
మొదటి గుండీకి నాలుగు చిల్లులు,
ఒకటి వెంట్రుకవాసి పక్కకి.
పాత యజమానైతే చెత్తబుట్టలో పడేసేవాడు.
అరగంట వాదించి ఓటేశాం.
అయిదుకి నాలుగు.
మేమూ పడేశాం.

సాయంత్రం దీపాలార్పుతూ చూశాను:
ఎజీదియో బుట్టలో వెతికి, దాన్ని తీసి,
కోటుకి ఊడిన చోట కుట్టుకుంటున్నాడు.
ఓడిన నాలుగు ఓట్లలో
ఒకటి అతనిది.
ఇంకొకటి నాది.