మూడంగుళాల లోపు

గ్రాహం శుక్రవారం రిటైరయ్యాడు.
సోమవారం తెల్లవారుజాము నాలుగింటికి
కూరగాయల గోదాములో, ఉల్లి బస్తా ముందు నిలబడి
అలవాటుగా పక్కకి చెయ్యి చాపాను.
చేతిలోకి ఏమీ రాలేదు.

తొమ్మిదేళ్ళు అరువు చాకుతో బతికానని
అప్పుడు తెలిసింది.
తెరిచి ఇచ్చేవాడు, పిడి నా వైపు తిప్పి.
తెరిచే తిరిగివ్వాలి, అదొక చాదస్తం.
మూసుకోవడం సొంతదారు పని అనేవాడు.

పురికొసని పళ్ళతో కొరికాను.
నోట్లో గోనె రుచి
డ్యూటీ దిగి, ట్రామ్ దిగి
షెఫీల్డ్ వానలో ఆ ఎత్తు ఎక్కి
చాకుల కొట్టు చేరేదాకా పోలేదు.

ఇరుకు గది. అద్దాల బల్ల.
దాని వెనక హార్‌గ్రీవ్స్ అనే పెద్దాయన.
ఆయన చూపుడువేలికి కొస లేదు.
అది చూశాక ఎందుకో నమ్మకం కుదిరింది.

"ఆడవాళ్ళకి ఇది బావుంటుంది" అని
ముత్యపుచిప్ప పిడి ఉన్నదొకటి తీశాడు,
కవర్లు చింపుకోవడానికి, పెన్సిల్ చెక్కుకోవడానికి.
"నేను బస్తాలు కోస్తాను" అన్నాను.
నా చేతుల కేసి ఒక్క చూపు చూసి
ముత్యాన్ని దాని గుడ్డలో మళ్ళీ పడుకోబెట్టాడు.

అప్పుడు పరిచాడు వరసగా
కొమ్ము పిడిది, రోజ్‌వుడ్‌ది, ఉత్త ఉక్కుది,
ఈటె మొనది, గొర్రెగిట్టలా మొద్దు ముక్కుది.

"తాళం పడేది లేదా?"
"ఉంది. జేబులో వేసుకుని వీధిలో తిరగాలంటే మాత్రం
పోలీసుకి కారణం చెప్పాలి.
తాళం లేకుండా మడిచేది, మూడంగుళాల లోపుదైతే
కారణం అక్కర్లేదు."

కారణం అక్కర్లేని వస్తువు!
ఈ దేశంలో నా దగ్గర అలాంటివి
ఎన్నున్నాయా అని లెక్కేసుకున్నాను.
గొడుగొక్కటే తేలింది.

తాళం లేదంటే
నా వేళ్ళకీ ఆ అంచుకీ మధ్య
ఒక సన్నటి స్ప్రింగుదే పూచీ.
తప్పు వైపు నొక్కితే నా మీదే మూసుకుంటుంది.
నేను నేర్చింది కత్తిపీట మీద.
అక్కడ కత్తి కదలదు, వంకాయే
నడిచి వెళ్ళి తెగుతుంది.
ఇక్కడ కత్తి నడవాలి,
వంకాయ కన్నా నెమ్మదిగా నేనుండాలి.

"చెవి దగ్గర పెట్టుకుని మూయండి" అన్నాడు.
చాకుకి నడకా మాటా చూడాలట,
పెళ్ళిచూపుల్లో పిల్లకి చూసినట్టు!
కొమ్ముది ఠక్కున కసిరింది.
రోజ్‌వుడ్‌ది సగంలో ఆగి గొణిగింది.
ఉక్కుది నోరే విప్పలేదు,
నా బొటనవేలి గోరు విరిగింది.
డబ్బాలు మోసే చేతికి
గోరు మిగిలి ఉండటమే గొప్ప.

సొరుగు అడుగున ఇంకొకటి.
పిడి మీద గీత. ఎవరో కొని, నచ్చక తిరిగిచ్చింది.
గోటి గాడి లోతుగా ఉంది.
తెరిస్తే "ఊఁ" అంది,
కథ వింటున్న మనిషిలా.
మూస్తే "సరే" అంది.

కోటు జేబులో ఉంది పొద్దున కొరికిన పురికొస,
ఇంకా పంటి గాట్లతో.
దాని మీద అంచు ఆనించాను.
తెగడం చేతికి తెలియలేదు.
రెండు ముక్కలు బల్ల మీద పడ్డాక చూశాను.

ముప్పై ఎనిమిది పౌన్లు.
గీతకి అయిదు తగ్గించమన్నాను.
నాలుగే గీశాడు ఆ గీత అన్నాడు.
నవ్వి ఇచ్చేశాను.

మంగళవారం, నాలుగింటికి,
టెస్ఫాయ్, కొత్త కుర్రాడు, బస్తా ముందు నిలబడి
నా వైపు చూడకుండానే చెయ్యి చాపాడు.
తెరిచి, పిడి అటు తిప్పి ఇచ్చాను.
కోశాడు. మూసి తిరిగిచ్చాడు.

"అలా కాదు" అన్నాను.
ఎవరి గొంతు వచ్చిందో నాలోంచి!
"తెరిచి ఇయ్యి."

వింతగా చూసి, తెరిచాడు.
ఊఁ అంది.
నేను మూసుకున్నాను.