గాలి తాగిన బండి

కె.ఆర్. పురం వంతెన దిగంగానే
రెండుసార్లు దగ్గి నిలబడింది.
వెనక తడిగోనెల కింద కొత్తిమీర,
నాలుగున్నరకంతా కలాసిపాళ్యంలో ఉండాల.

మెకానిక్కుకు ఫోన్ చేస్తే
"బెళిగ్గె" అని పెట్టేసినాడు.

నిన్న ఫిల్టరు మార్చింది నేనే.
వాచరు వంకరగా కూర్చున్నట్టుంది.
ట్యాంకులో డీజిలుంది, బ్యాటరీలో బలముంది,
నడుమ ఆవగింజంత గాలి.

"మూడొందలు మిగిలినాయా?" అని
సుంకులమ్మ సెల్లు పళ్ల మధ్య కరిచి
పంపు మీద అరచెయ్యి ఆనించింది.

పది నంబరు స్పానరుతో స్క్రూ వదులు చేసినా.
నొక్కింది. బుస. నురగ.
నొక్కింది. నురగ.
లారీ ఒకటి మమ్మల్ని ఊపేసి పోయింది.
చాల్లే అని బిగించబోతే
తల అడ్డంగా ఊపింది,
వెలుగు కూడా అడ్డంగా ఊగింది.

ఇంకో ఇరవై నొక్కులు.
అప్పుడు, ఒక్క బుడగ లేకుండా,
కుట్టుదారమంత సన్నగా, తెగకుండా
డీజిలు.
వెలుగు నిలువుగా ఊగింది.

మార్కెట్టులో కట్టలు నేనే దించినా,
ఆమె చేతులు డీజిలు వాసన.
తిరిగి చూస్తే బానెట్టు లేపి
స్క్రూ కింద వేలు పెట్టి చూస్తా ఉంది.

"పొడిగానే ఉండావు" అనింది,
నాతో కాదు.