పచ్చ శంఖం

అళసింగరాచార్లకి కామెర్లు సోకిన వారం
తిరుపతిలో ఎండ నూట పది దాటింది.
మా పాకాల చెనిక్కాయ చేలో
కలుపని పీకి గట్టున పారేసే నేల ఉసిరిని
తడిగుడ్డలో చుట్టుకొని పాసింజరెక్కాను.
చంద్రగిరి దాటేదాకా ఒళ్ళోనే ఉంది మూట.
మాకు కలుపు, ఆయనకు మందు.
ఈ ముక్క ఆయన ముందు అన్నానా,
"ఏది భ్రమరా ఇందులో?" అని గంట లాగుతాడు.

భవానీనగర్‌లో మేడమీది గది.
కిటికీ నిండా కొండ.
పడుకున్న స్వామి ముఖంలా ఉంటుందంటారందరూ.
నాకు నుదురు దొరుకుతుంది. ముక్కు దొరకదు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన చెప్పింది ఒకటే పాఠం:
ముత్యపుచిప్ప వెండిలా ఎందుకు మెరిసింది?
వెండి ఎక్కడో అంగట్లో ఉంది,
జ్ఞాపకం దాన్ని తెచ్చి ఇక్కడ అతికించిందంటాడు తార్కికుడు.
ఎవరూ అతికించలా, రెంటికీ మధ్య తేడా తోచలేదంతే
అంటాడు మీమాంసకుడు.
వెండి బయట లేదు, నీ లోపలిదే అంటాడొక బౌద్ధుడు.
ఉందనలేం లేదనలేం అని అద్వైతి చేతులు తిప్పుతాడు –
ఇక్కడ ఆచార్లు కూడా తిప్పేవాడు,
చాక్‌పీసు దుమ్ము మొదటి బెంచీ మీద రాలేది.
"మావాళ్ళు మాత్రం" అని గొంతు తగ్గించేవాడు,
"అబద్ధపు చూపనేదే లేదన్నార్రా.
కామెర్లవాడి కంట్లో పైత్యం
చూపుతోబాటే బయలుదేరిపోయి
శంఖానికి పూతై అంటుకుంటుంది.
వాడు చూసిన పసుపు నిజం పసుపే.
తెలుపు దాని కింద అణిగి ఉంది, అంతే."

ఇన్ని తగాదాల్లోనూ ఒక్కదాని మీద ఎవరికీ పేచీ లేదు:
కామెర్లవాడికి శంఖం పచ్చగా కనిపిస్తుంది.
సామెత కూడా అదే.

ఇప్పుడాయన అరచేతులు చామంతి రేకులు.
కంటి తెల్లగుడ్డు గానుగ నూనె.
దేవుడి పెట్టెలోంచి శంఖం తెప్పించి
కిటికీ గట్టు మీద నిలబెట్టించాడు.
ఒక కన్ను మూశాడు. రెండోది మూశాడు.
వేలితో కనుగుడ్డు నొక్కి చూశాడు
(ఇద్దరు చంద్రుల పాఠం గుర్తొచ్చి నవ్వాపుకున్నాను).

"తెల్లగా ఉందిరా."

పాలు విరిగినప్పుడు ఇంట్లో వినిపించే గొంతు.
"ఇన్ని వందల ఏళ్ళు, ఇన్ని వాదాలు.
జబ్బు చేసినవాణ్ణి పిలిచి ఒక్కడైనా అడిగాడా?
నేనడిగానా?
మన హాస్టల్లోనే ఏటా ఇద్దరికొచ్చేవి."

ఆకు నూరి, పిండి, గ్లాసుతో వచ్చిన కోమలవల్లమ్మ
శంఖం వైపొకసారి చూసింది.
"తెలుపెక్కడిది?
నేను కాపరానికొచ్చిన ఏడే అది పాచిపళ్ళ రంగు.
మీ తాత పసుపు చేతులు, మీ నాయన గంధం చేతులు,
దీపం పొగ.
చింతపండేసి తోముతానంటే
పాతది, విరుగుతుందని మీరే గదా వద్దన్నారు?"
నావైపు తిరిగింది.
"ఏం నాయనా, నీ కళ్ళకేం రోగం లేదు గదా. చెప్పు."

ఏం చెప్పను?
శంఖం తెల్లనిదని రాసి
నాలుగేళ్ళు మార్కులు తెచ్చుకున్న కళ్ళు నావి.
ఆమె అనేదాకా నేను చూసిందీ తెలుపే.
అన్నాక, మెల్లగా,
అంచుల్నించి లోపలికి,
పసుపు.

గ్లాసులో పచ్చ. గ్లాసు పట్టిన వేళ్ళూ పచ్చే.
ఆకుకీ రోగానికీ ఒకే మాట పెట్టుకున్న వాళ్ళం.

ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.
"బెల్లం వేశావా?"
"గుప్పెడు."
"చేదు విషం!" అని లేచి కూర్చున్నాడు,
వారం రోజుల్లో మొదటిసారి.
"పైత్యపు నాలుకకి బెల్లం చేదు! ఇది మాత్రం
రాసినవాడెవడో తాగి రాశాడ్రా!"
"ఆకే చేదు" అందామె.
"బెల్లమే" అన్నాడాయన.
ఇద్దరూ గ్లాసు నావైపు జరిపారు.

పాకాల బండికి టైమైందని
లేచాను.