సువైహాన్ తొవ్వల మంచు

పొద్దుగాల నాలుగు.
సముద్రం నిద్రల లేచి
ఎడారిని జూడవచ్చి
తొవ్వ తప్పినట్టుంది.
అద్దం ముంగట ఏం లేదు,
ఉన్నదంతా తెలుపే.

పెద్ద లైటేస్తే
తెల్లగోడ ఇంకింత దగ్గరికొస్తది.
దించిన.
చిన్న లైటు నేలను నాకుకుంట పోతది.
నలభై దాటి ముల్లును కదలనియ్య.

ముంగట ఒక ట్రక్కు, దాని ఎర్ర దీపం.
దాన్నే పట్టుకొని పోవుడు సుఖం.
కానీ అది ఎటు వోతుందో దానికెరుకనా?
పోయినేడు షరాఫత్ భాయ్
గట్లనే ఇంకొకని దీపాన్ని నమ్మిండు.
ఆయన చాయ్ గ్లాసు
ఇంకా క్యాంపు కిటికీలనే ఉంది.

అద్దం దించి చెవులతోని నడుపుతున్న.
టైరు కింద గరగరమంటే
అంచుకొచ్చినట్టు.

వెనుక నలభై ఆరు తలకాయలు,
ఒకని తల ఇంకొకని భుజం మీద.
సద్ది డబ్బాలు మాత్రం ముచ్చట వెట్టుకుంటున్నయి.
నా పాణం ఒక్కటే అయితే
నేను గూడ తొక్కుదును.

పెట్రోల్ పంపు కనవడలే,
వాసనొచ్చింది.
మెల్లగ పక్కకు దింపి ఆపిన.

ఫోర్‌మన్ ఫోన్:
"ఏడున్నవ్? అందరికి సగం రోజు కోత!"
"కోసుకో సార్.
మంచును కోసే కత్తి నా దగ్గర లేదు."

గంగనర్సు ఒక కన్ను తెరిచిండు.
"వచ్చినమా అన్నా?"
"రాలే. పండు."
పండుకున్నడు,
సొంత మంచంల పండుకున్నట్టు.

ఏడున్నరకు ఎండ పొడిచింది.
గీ పంపు దాటినంక, నడి తొవ్వల
ఒక ఒంటె.
వీపంత తడి.
ఎప్పటిసంది నిలవడ్డదో.