పార్కింగ్‌లో ఏడో గీత

ఆ ఉత్తరం టైపు చేసింది నేనే.
డులూత్ ఊరి ఆటల కేంద్రం, ముందు బల్ల,
పంతొమ్మిదేళ్ల కొలువు.
హోల్మ్‌గ్రెన్ గారు కుర్చీ వెనక నిలబడి చెబుతుంటే
"విచారిస్తున్నాము" అన్న మాట దాకా
నా వేళ్లు ముందే వెళ్లి కూర్చున్నాయి.
మా దగ్గర నర్సు లేరు.
సూది పొడవడం మా పని కాదు.
తల్లి దగ్గరుంటే అభ్యంతరం లేదు.

తల్లి దగ్గరే ఉంది.
రాత్రంతా బేకరీలో పిండి పిసికి
పొద్దున్నే ఏడో గీతలో కారాపి
అద్దం సగం దించుకుని రెనాటా.
సీటు వెనక్కి వాల్చదు, కన్నంటుకుంటుందని.
ఒళ్లో ఫోను. అందులో కొడుకు నెత్తురు
ఒక అంకె, పక్కన ఒక బాణం.
బాణం కిందికి తిరిగిందా
ఆపిల్ రసం డబ్బాతో పరుగు,
నా బల్ల ముందు నుంచే,
నన్ను చూడకుండా.

కాస్పర్‌కి ఏడేళ్లు.
జబ్బకి నాణెమంత బిళ్ల.
రోబో ముక్క అని చెప్పి
ముట్టుకుంటే పావలా అని వసూలు చేసేవాడు.

పెద్ద సరస్సు మీద పడవ ప్రయాణం రోజు
బస్సులో తల్లులకు చోటు లేదన్నారు.
వాడు నా పక్కన స్టూలెక్కి
కాగితం పిన్నులన్నీ గొలుసు కట్టాడు.
మధ్యలో తలెత్తకుండానే అడిగాడు:
"బస్సు నాకు పడదా,
నేను బస్సుకి పడనా?"
నా దగ్గర జవాబు లేదు. బిస్కెట్ ఉంది.
అది ఇవ్వొచ్చో లేదో కూడా తెలియదు.

సోమవారం ఒక కాగితం వచ్చింది.
బాణానికీ బాణానికీ మధ్య
కారులో కూర్చుని చదివిన చట్టం.
జబ్బు పేరు చూసి తలుపు మూయకూడదు,
బిడ్డని చూసి మాట్లాడాలి.
చేయగలిగిన మార్పు చేయాలి.
అందుకని అదనపు రుసుము అడగకూడదు.
తల్లిని కాపలా పెట్టమనకూడదు.
రెండు పేజీలు వెతికాను,
"దయచేసి" ఎక్కడా లేదు.

హోల్మ్‌గ్రెన్ గారు ఊరి వకీలుకి ఫోన్ చేశారు.
చాలాసేపు "ఊఁ" అన్నారు.
ఆ చట్టం మా గోడకే ఉంది మరి,
అద్దం బిగించి, కాఫీ యంత్రం వెనక.
యంత్రాన్ని జరిపాను.
గోడ మీద గోధుమరంగు ఆవిరి మరక.

ఫడూమో అనే నర్సు వచ్చి
మా అందరి చేతుల్లో తలో నారింజ పెట్టింది,
పొడవమంది.
హోల్మ్‌గ్రెన్ గారి చెయ్యి వణికింది.
నా వేలి కొసన చుక్క నెత్తురు
నాకే కొత్తగా అనిపించింది.
బిస్కెట్ ఇవ్వొచ్చట. లెక్క చూసుకుని.

మళ్లీ పడవ రోజు.
నీళ్ల మధ్య అంకె అరవై రెండుకి జారితే
ఈత కాపలా కుర్రాడు థాడియస్
రసం తాగించి, గడియారం చూసుకుంటూ
పావుగంట పాటు
ఒకే చెత్త జోకు మూడుసార్లు చెప్పాడట.
కాస్పర్ తడిసి వచ్చాడు,
ఒక బూటు సరస్సుకిచ్చేసి.

రెనాటా ఆ రోజూ వచ్చింది.
రానక్కర్లేదని తెలిసే వచ్చింది,
ఇంకెక్కడికి వెళ్లాలో తోచక కాబోలు.
మధ్యాహ్నం బయటికెళ్లి చూద్దును కదా,
సీటు పూర్తిగా వాల్చి, నోరు తెరుచుకుని,
మణికట్టున పిండి ఎండిపోయి, నిద్ర.
ఒళ్లో ఫోను వెలుగుతోంది.
నూట పద్నాలుగు. బాణం అడ్డంగా ఉంది.

ఎనిమిదో గీతలోకి వస్తున్న వ్యాను
హారన్ మీద చెయ్యి వేయబోయింది.
ఎండలో, రోడ్డుకడ్డంగా నిలబడి
పెదవి మీద వేలు పెట్టుకున్నాను.