నలభై నాలుగు, పద్దెనిమిది

మా ఊరి పేరు వూచ్. పోలిష్‌లో పడవ అని.
నదులన్నిటినీ నేల కింద గొట్టాల్లోకి తోసేశాక
ఒడ్డునే ఉండిపోయిన పడవ,
చాప పరిచినంత చదును.
అందుకే బోగ్నా నన్ను చూసి నవ్వింది:
"గేర్లెందుకే నీకు? ఏ కొండ ఎక్కుతావని?"

అప్పటికి మూడు వారాలుగా
పడుకోబోయే ముందు లెక్కలేస్తున్నాను.
ట్రామ్ పాసు పెరిగింది, జీతం పెరగలేదు.
పొద్దున ఆరింటికి ఆసుపత్రిలో
మొదటి సూది నేను గుచ్చాలి.
ఐదుంబావు ట్రామ్ వస్తే వస్తుంది,
లేదంటే మంచులో నా ఆవిరి నేనే చూసుకుంటూ నిలబడతాను.

పెద్ద వీధిలో అద్దాల కొట్టుంది.
అందులో ఒకటి, పాలమీగడ రంగు,
తోలు సీటు, పిడులకి కూడా తోలే,
రెండువేల రెండొందల జ్లోటీలు.
అమ్మే కుర్రాడు దాన్ని ఒంటివేలితో ఎత్తి చూపించాడు.
నేను జేబులో చెయ్యి పెట్టి
నా ఆరొందలూ ఉన్నాయో లేదో తడుముకున్నాను.

బోగ్నా కొట్టు పాత నూలుమిల్లు గేటు పక్కన.
దూలానికి ఎండుచేపల్లా వేలాడే ఫ్రేములు,
డాల్డా వాసన లాంటి గ్రీజు వాసన,
ఎప్పుడూ వాతావరణమే చెప్పే రేడియో.
నా కన్ను ఎర్రదాని మీద పడింది.
"దిగు" అంది, ఎక్కకముందే.
"నిలబడితే కడ్డీకీ నీకూ రెండు వేళ్ళ సందుండాలి.
రంగు చూసి కొనేవి రిబ్బన్లు."

ఇంకోటి దించింది. ఉడికిన బఠాణీ రంగు,
రెండు చచ్చిన సైకిళ్ళని కలిపి బతికించింది.
చక్రం ఎత్తి తిప్పి
బ్రేకు కట్ట దగ్గర కన్ను పెట్టమంది.
అంచు ఊగితే ఎక్కడో ఒక పుల్ల వదులైనట్టు.
పెడళ్ళ ఇరుసు అడుగున గోటితో గీకింది,
రంగు వెనక తుప్పు రాలితే
పేరు ఎంత గొప్పదైనా వదిలెయ్యాలట.
గొలుసుని కింద నుంచి వేలితో ఎత్తింది:
అరంగుళం ఆడాలి.
బిగిస్తే మూలుగుతుంది,
వదులైతే నడిరోడ్డున నిన్ను వదిలేస్తుంది.

"ముందు నలభై నాలుగు పళ్ళు, వెనక పద్దెనిమిది.
కుర్రాళ్ళు వెనక పదిహేను పెట్టించుకుని
ప్రతి సిగ్నల్ దగ్గరా మోకాళ్ళతో మొర పెట్టుకుంటారు."

వెనక చక్రానికి రెండు వైపులా మరలు.
ఇటు పువ్వ ఉంది, కాళ్ళాపినా చక్రం తన దారిన పోతుంది.
అటు బిగింపు, చక్రం ఆగేదాకా కాళ్ళకి సెలవు లేదు.
"అటువైపుకి ఎప్పుడు తిప్పుకోవాలి?"
"అడుగుతున్నావంటే, ఇప్పుడు కాదు."

నాలుగొందల ఎనభై అంది.
నాలుగొందల యాభై అన్నాను.
"ఎనభై. బేరమాడినందుకు గంట ఊరికే ఇస్తా.
మిగిలిన నూట ఇరవైతో తాళం కొను.
ట్రామ్ పట్టాలని అడ్డంగా దాటు,
వాటి వెంట స్నేహంగా నడవకు."

నాలుగో అంతస్తు దాకా భుజాన మోసాను.
ఊరు చదునని అందరూ అంటారు కానీ
రైలు కట్ట మీది వంతెన సంగతి ఎవరూ చెప్పరు.
మొదటిరోజు సీటు మీంచి లేచి నిలబడి
పళ్ళు బిగించి ఎక్కుతుంటే
బుట్టలో క్యాబేజీతో ఒక పెద్దావిడ, మోటారు సైకిలు కాదు, మామూలుదే,
నన్ను దాటుకుని పోయింది.

పదకొండో రోజు గొలుసు ఊడింది.
వాన. వీధిదీపం కింద మోకాళ్ళ మీద కూచుని
చల్లటి వేళ్ళతో ఒక్కో పన్నూ ఎక్కించాను.
ఆరుకి రెండు నిమిషాల ముందు చేరి
మూడుసార్లు సబ్బుతో కడిగినా
గోళ్ళ కింద నలుపు కదల్లేదు.

మొదటి కుర్చీలో కూచున్న ముసలాయన
నేను గ్లవ్స్ తొడుక్కుంటుంటే చూశాడు.
తొందరగా దాచేశాను.
"ఎన్ని పళ్ళు?" అన్నాడు.
సమాధానం చెప్పాను.
కాసేపు ఆలోచించి, వంతెనకి అది సరిపోతుందన్నట్టు తలూపి,
అప్పటికే మడిచిన చొక్కా చెయ్యి దించేసి
రెండోది మడుచుకున్నాడు.
"దీన్లో నరం బాగా దొరుకుతుంది. గుచ్చు."