మణికట్టు లోపలివైపు

ఇరవై ఏళ్లుగా కొమ్ము అరగదీసిన చేతులివి.
దున్నపోతు కొమ్ముని కాచి, వంచి,
ఆకురాయితో గీకి, ఉప్పుకాయితంతో రుద్ది
కొంగ మెడ తేల్చే చేతులు.
పర్లాకిమిడిలో మా వీధికొస్తే
తలుపు తీయకముందే వినపడతాయి.

నాలుగో రోజున
పాప పాదాల మీద పొట్టు లేచింది,
వెల్లుల్లి పొరలా, ఊపిరికి కదిలేంత పలచగా.
నా పనిలో పొట్టు లేచిందంటే
ఎక్కడో ఎక్కువ రుద్దామనే.
నేనింకా ముట్టుకోనైనా లేదు.
అయినా చేతులు వెనక్కి దాచుకున్నాను.

మినతీ దీదీ వచ్చి చూసి నవ్వింది.
సగం ఒడియా, సగం మా మాట:
"తొమ్మిది నెలలు నీళ్లలో నానింది కదా,
ఇప్పుడిప్పుడే ఆరుతోంది. లాగకండి."
బుగ్గల మీద ఎర్రటి పొక్కులకీ అదే మాట.
ముక్కు మీద గసగసాల్లాంటి తెల్లచుక్కలకీ అదే మాట.

మా అత్త గున్నమ్మ చేతులు ఊరుకోవు.
శనగపిండి, పసుపు, గోరువెచ్చటి నూనె
గిన్నెల్లో పెట్టుకుని సిద్ధంగా ఉంది.
"నూగు రాలొద్దేటి?
నీ పెళ్లానికి నానిలాగే రుద్దినాను, అరిగిపోనాదేటి?"
దీదీ వాదించలేదు.
పిండి ముద్ద తీసి అత్త ముంజేతి మీదే రుద్దింది,
ఆవిడ "అబ్బా" అనేదాకా.
ఆ సాయంత్రం మా ఇంట్లో పకోడీలు.

అత్త కాళ్లు చాపుకుని పీట మీద కూచుంది.
"నీళ్లు సూడు" అంది నన్ను, మొదటిసారి.
వేళ్లు ముంచాను. ఏమీ తెలియలేదు.
పొగలొచ్చే కొమ్ము పట్టే వేళ్లకి
ఏ నీళ్లైనా నీళ్లే.
"అక్కడ కాదు నాయినా."
నా చెయ్యి వెల్లకిలా తిప్పి
మణికట్టు లోపల, నీలం నరాల మీద
ఒక్క చుక్క వేసింది.
చురుక్కుమంది.
నాలో ఇంకా పనికి వెళ్లని చోటు ఒకటుందని
నలభై ఏళ్లకి తెలిసింది.

ఇంకో చెంబుడు చన్నీళ్లు కలిపాం.
రుద్దలేదు, అద్దాం.
మెడ మడతలో, చంకలో, తొడ సందులో,
జారిన పాలు పులిసి దాక్కునే చోటల్లా
నా పాత లుంగీ చింపిన గుడ్డతో.
ఎన్ని ఉతుకులు చూసిందో,
దాని అంచు ఏ రంగో దానికే గుర్తులేదు.
సాంబ్రాణి పొగ గడప అవతలే ఆగింది.

ఇప్పుడు రాత్రుళ్లు, హైమ నిద్రపోయాక,
వేళ్లు వెనక్కి విరుచుకుని
ఆ కాస్త చోటునీ పాప వీపుకి ఆనిస్తాను.
నడుం దగ్గర నీలం మచ్చ,
మహేంద్రతనయ ఇసుక మీద మబ్బు నీడలాగ.
నా నాడి అక్కడ. దాని ఊపిరీ అక్కడే.
పేరింకా పెట్టలేదు.

పొద్దున్న కొట్లో
కొంగ రెక్క నునుపు తేలిందో లేదో
వేలితో కాకుండా అలాగే చూస్తుంటే
షావుకారు అడిగాడు,
"ఏం, చెయ్యి బెణికిందా?" అని.